గడియారం వెనుక చీటీ

చాలా ఏళ్ల క్రితం మా భాయీజాన్ దమ్మామ్ నుండి సెలవుపై వస్తూ అమ్మీ కోసం కరెంటుతో నడిచే అలారం గడియారం తెచ్చారు. అది 127 వోల్టులది కావడంతో ఇక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొన్నాము. అది రమజాన్ నెల. రాత్రి 10 గంటలకు సమయం సరిచేసి, సహరీ కొరకు 4 గంటలకు అలారం పెట్టి పడుకున్నాము. తీరా ఫజ్ర్ అజాన్ వినిపించాక మెలకువ వచ్చింది. గడియారంలో ఇంకా మూడున్నరే! దుకాణదారు మోసగించాడని భాయీజాన్ ఎంతో నొచ్చుకున్నారు. నిజానికి ఆ దుకాణదారు నిర్దోషి.

విద్యుత్తుకు వోల్టేజీతోపాటు పౌనఃపున్యం కూడా ఉంటుంది. సౌదీలో అది 60 హెర్ట్జ్, మన దేశంలో 50. ఆ గడియారం కరెంటు ఆవర్తనాలను లెక్కించి నడిచే రకం. కనుక ఇక్కడ గంటకు 10 నిమిషాలు వెనుకబడింది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మార్చగలదే తప్ప పౌనఃపున్యాన్ని మార్చలేదు. భాయీజాన్ దానిని తిరిగి దమ్మామ్ తీసుకువెళ్లగా, అక్కడ చక్కగా నడిచింది.

గడియారమైతే సహరీ తప్పడంతో పోయింది. 60 హెర్ట్జ్‌కు మాత్రమే తయారైన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటి వాటి మోటారు ఇక్కడ నెమ్మదిగా తిరుగుతూ వేడెక్కుతుంది, త్వరగా పాడవుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన రియాళ్లు అలా కాలిపోవడం ఎంత బాధాకరం! సౌదీ పాత ఇళ్లలో మామూలు ప్లగ్గులకు 127, ఏసీకి 220 వోల్టులు ఉండేవి. 230కి మారాలని అక్కడి ప్రభుత్వం 2010లో నిర్ణయించింది. అయినా పాత సామాను ఇంకా చేతులు మారుతూనే ఉంటుంది. 127 వోల్టుల మిక్సీని మన ప్లగ్గులో నేరుగా పెడితే క్షణాల్లో కాలిపోతుంది. దుబాయ్, ఖతర్, కువైట్, ఒమన్‌లలో మాత్రం మనలాగే 50 హెర్ట్జ్.

కనుక డబ్బు చెల్లించక ముందే వస్తువు వెనుక అతికించిన చీటీ చదవాలి. ‘100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు చాలావరకు ఇలాంటివే. చదవడం రాని సోదరులు ఆ చీటీని ఫోటో తీసి ఇంటికి పంపి, చదివించుకోవచ్చు. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

గల్ఫ్‌లో ప్లగ్గు పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, మనవి గుండ్రనివి. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. చౌకబారు అడాప్టర్‌కు ఇస్త్రీపెట్టె, హీటరు తగిలించడం అగ్నిప్రమాదాన్ని ఆహ్వానించడమే.

ఇక టీవీ సంగతి. 2013 ఆగస్టు 26 నుండి పలుచని టీవీలకు విమానాశ్రయంలో సుంకం మినహాయింపు తొలగించారు. అక్కడి ధరకు ఆ సుంకాన్ని కలిపి, మన ఊరి దుకాణంలోని ధరతో పోల్చి చూడండి. వారంటీ భారతదేశంలో వర్తిస్తుందో లేదో కూడా కొనే ముందే అడిగి, బిల్లుపై రాయించుకోండి.