వరస చూసి డిస్క్ లాగకండి

"ఎస్‌డీసీ పోయిందంటే మూడో బేలోది పోయినట్టే. లాగేసి కొత్తది పెట్టండి." మోకిల, శంకర్‌పల్లి వైపు చిన్న ఆఫీసుల్లో సర్వర్లు చూసేవాళ్లు ఈ మాట ఎంతో ధీమాగా చెబుతారు. ఈ మాట తప్పు. డేటాను నిలువునా ముంచే తప్పు.

లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి డిస్కుకు శాశ్వతమైన పేర్లు కావు. మిషన్ లేచేటప్పుడు ఏది ముందు కనబడితే దానికి ముందు అక్షరం. కంట్రోలర్ కార్డు మార్చినా, ఒక డిస్క్ లేవడం ఆలస్యమైనా, పెన్‌డ్రైవ్ మరిచిపోయి అలాగే ఉంచినా నిన్నటి ఎస్‌డీసీ ఇవాళ ఎస్‌డీడీ కావచ్చు. బేల లెక్కనూ నమ్మలేం. కేబినెట్ మీద 1 నుంచి, మదర్‌బోర్డు మీద 0 నుంచి అంకెలుండే పెట్టెలు కోకొల్లలు.

"రైడ్ ఉందిగా, ఏమవుతుంది?" అంటారు. రైడ్ 5 ఓర్చుకునేది ఒక్క డిస్క్ నష్టాన్నే. కలిపి కట్టిన నాలుగు డిస్కుల్లో (అరేలో) ఒకటి ఇప్పటికే చచ్చిందనుకోండి. పొరపాటున బాగున్నది లాగితే మొత్తం ఆగిపోతుంది. వెంటనే తిరిగి దూర్చినా అది దానంతట అదే లేస్తుందన్న హామీ లేదు.

యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య చూస్తే చాలన్న వాదనా నిలవదు. లినక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్‌లో ఒక అరేలోని డిస్కులన్నిటికీ చూపించే అరే యూయూఐడీ ఒక్కటే. ఇక లైటు సంగతి. పోయిన బే లైటును ప్రత్యేకంగా వెలిగించాలంటే బ్యాక్‌ప్లేన్‌కు ఆ ఏర్పాటుండాలి. చవక పెట్టెల్లో వెలిగేది పని జరుగుతున్నప్పటి లైటే. అరేను చదివిస్తూ వెలగనిదాన్ని పట్టుకోవచ్చంటారు గానీ, ఖాళీగా కూర్చున్న స్పేర్ డిస్క్ లైటు కూడా వెలగదు.

నమ్మదగ్గది సీరియల్ నంబరు. డిస్క్ లేబుల్ మీద అచ్చయి ఉంటుంది. లోపలి నుంచి కమాండుతో అడిగితే స్మార్ట్‌సీటీఎల్ గానీ ఎల్‌ఎస్‌బీఎల్‌కే గానీ అదే నంబరు చెబుతుంది. రైడ్ కార్డు డిస్కులను తన వెనక దాచుకుంటే, ఆ కార్డు సొంత టూల్‌నే అడగాలి. డిస్కును బిగించే ట్రే, అంటే క్యాడీలోకి దూరాక లేబుల్ కనబడదు కాబట్టి, బిగించేరోజే నంబరు చివరి నాలుగు అక్షరాలు టేపు మీద రాసి క్యాడీ అంచుకు అంటించాలి. ఒకే బ్యాచ్ డిస్కుల నంబర్లు మొదట్లో దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా చివర్లోనే తెలుస్తుంది. పూర్తిగా చచ్చిన డిస్క్ తన నంబరు చెప్పలేదు. బతికున్నవాటిని జాబితాలో కొట్టేస్తే మిగిలిందే అది. ఆ జాబితా ముందే రాసి ఉండాలి.

"అదంతా చందనవెల్లి అమెజాన్ డేటా సెంటర్‌కు, మనకెందుకు?" అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. 2022 నవంబరులో మొదలైన అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లున్నాయి. ఒకచోట డిస్క్ పోయినా మరోచోట ప్రతి ఉండేలా కట్టుకునే వీలు వాళ్లకుంది. మీ ఆఫీసు లెక్కలన్నీ ఉన్నది ఆ ఒక్క పెట్టెలోనే.

జాబితా లేదా? అయితే బతికున్న డిస్కుల నంబర్లు రాసుకుని, సర్వర్‌ను పద్ధతిగా ఆపి, కరెంటు తీసేసి, ఒక్కో డిస్కే బయటికి తీసి లేబుల్ చదవండి. వెతుకుతున్నది కాకపోతే అదే బేలో తిరిగి పెట్టండి. ఆపి ఉన్న సర్వర్‌లో తప్పు డిస్క్ తీసినా అరే విరగదు.