బంతియు బడియు

ఇల్లు విడిచి వచ్చిన కాందిశీకుల బిడ్డలకు అన్నవస్త్రము లొసఁగినఁ జాలునని పలువురు తలంతురు. తోడి పిల్లలు ఆటకుఁ బిలువనిచో ఆ బిడ్డలకు ఆ యూరు పరాయిదే యగును.

అమెరికాలో జార్జియా రాష్ట్రమున క్లార్క్‌స్టన్ అను చిన్న పట్టణము కలదు. ఆఫ్గనిస్థానము, సూడాను, లైబీరియా మున్నగు దేశముల యుద్ధములనుండి తప్పించుకొని వచ్చిన కుటుంబము లనేకము అచ్చట నిలిచినవి. జోర్డానులోఁ బుట్టిన లూమా ముఫ్లే అను నామె 2004లో అచ్చట బండ్లు నిలుపు తావున కాందిశీక బాలురు చినిఁగిన బంతితో ఫుట్‌బాలు ఆడుచుండఁగాఁ జూచెను. కొందఱి కాళ్లకుఁ జెప్పులైనను లేవు. ఆమె వారిని జట్టుగాఁ గూర్చి ఆట నేర్పెను. ఎవరి భాషవారు వేఱుగాఁ గూడకుండ, మైదానమున నందఱును ఇంగ్లీషే పలుకవలెనని నియమించెను. చదువునకు రానివానికి ఆట లేదనెను. 2006లో ఆ యూరి మేయరు పార్కు బేస్‌బాలునకే గాని ఫుట్‌బాలునకుఁ గాదనెను. అయినను జట్టు చెదరలేదు. పిదప ఆమె వారికై పాఠశాలయు స్థాపించెను.

బంతి స్నేహమును గూర్చును. ఆ స్నేహము నిలుచుటకుఁ జదువును, పెద్దల యాదరమును వలయునని మాకుఁ దోఁచుచున్నది. పనికై వలసవచ్చినవారి బిడ్డ మన వీథిలో దూరముగా నిలిచి ఆట చూచుచుండిన, “వానినిఁ గూడఁ బిలువు నాయనా” యని మన పిల్లలకుఁ జెప్పుదము.