కంప్యూటర్‌కు తోడు ఏ చదువు?

దోస్త్‌లో డిగ్రీ ప్రవేశాల వేళ చిలుకూరు, కోదాడ ప్రాంతాల తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. కంప్యూటర్ సైన్స్‌కు జతగా ఏ సబ్జెక్టు తీసుకోవాలి? ఈ ప్రశ్న రెండేళ్ళు ఆలస్యంగా వస్తున్నది. అబ్బాయిని ఎంపీసీలో, అమ్మాయిని సీఈసీలో చేర్చే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ఇంటర్‌లో గణితం వదిలిన పిల్లకు స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ గ్రూపుల తలుపు దాదాపు మూసుకుపోయినట్లే.

కృత్రిమ మేధ, డేటా సైన్స్ వంటి పేర్లకు మోజుపడవద్దని మా మనవి. పేరేదైనా లోపలి సరుకు గణితం, సంభావ్యత, గణాంకశాస్త్రమే. ప్రోగ్రాము రాసే పనిలో కొంత భాగాన్ని యంత్రమే చేసిపెడుతున్న రోజులివి. దాని జవాబులో తప్పొప్పులు తేల్చగలవారి అవసరం పెరుగుతున్నది. అందుకే మొదటి తోడు స్టాటిస్టిక్స్ అంటున్నాము. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ చదివేవారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. జీఎస్టీ లెక్కలు, ఆడిట్ క్షుణ్ణంగా తెలిసి, డేటాబేస్ కూడా నేర్చుకుంటే అదీ జోడు చదువే.

మనం విలువ కట్టని తోడు మరొకటి ఉన్నది, భాష. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు పలికే పిల్లలు మనవారిలో ఎందరో. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్‌నూ, గణన భాషాశాస్త్రంలో ఎమ్మెస్‌నూ కలిపి ఒకే కోర్సుగా బోధిస్తున్నది. యంత్రానికి మన భాషలు నేర్పే విద్య అది. అక్కడ సీటు సులభం కాదు. అయినా ఎంపీసీ చదివే మన పిల్లలకు ఆ కోర్సు ఉన్నదన్న సంగతైనా తెలియాలి.

గణితం వదిలిన అమ్మాయికీ ఒక దారి మిగిలింది. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. కోదాడలో డిగ్రీ చదువుతూనే, మద్రాసు ఐఐటీ 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సులో చేరవచ్చు. దానికి ఇంటర్ ఏ గ్రూపైనా సరే, పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి ఉంటే చాలు. ముందు కొన్ని వారాల పాఠాలు విని అర్హత పరీక్ష నెగ్గాలి. బోధన ఇంగ్లీషులో సాగుతుంది. పరీక్షలకు స్వయంగా కేంద్రానికి వెళ్ళాలి. అందుకు అమ్మాయిని బస్సెక్కించి పంపే మనసు ఇంటివారికి ఉండాలి.

ఫీజు రాయితీ ఉన్నది గాని, మనవారు చిక్కుకునేది అక్కడే. రాష్ట్ర విద్యాసంస్థల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చే బీసీ-ఇ పత్రం కేంద్ర సంస్థల్లో దానంతటదే చెల్లదు. బీసీ-బిలోని దూదేకులవారు కేంద్ర ఓబీసీ జాబితాలోనూ ఉన్నారు. బీసీ-ఇలోని అనేక వర్గాలు లేవు. కేంద్ర జాబితాలో లేనివారు, ఆదాయం 8 లక్షలలోపు ఉండి తక్కిన నిబంధనలకు లోబడితే, ఈడబ్ల్యూఎస్ పత్రం కోరవచ్చు. 'మీరు బీసీలు కదా' అని తిప్పి పంపితే కేంద్ర జాబితా ప్రతిని చూపించి, తిరస్కరణను రాతపూర్వకంగా అడగండి.

దేశవ్యాప్తంగా ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థుల సంఖ్య 2019-20లో 21 లక్షలు. మరుసటి ఏడు 19.21 లక్షలకు పడిపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే ముందుగా చదువు మానేది ఇంటి ఆడపిల్లే. బకాయిలు సకాలంలో విడుదల చేయాలనీ, బాలికల మైనారిటీ గురుకుల జూనియర్ కళాశాలలన్నింటిలో ఎంపీసీ ఉండేలా చూడాలనీ ప్రభుత్వాన్ని కోరుతున్నాము. చిలుకూరు మండలంలోని మసీదు కమిటీలు, యువజన సంఘాలు పదో తరగతి ఫలితాలు వెలువడిన వారంలోనే ఇంటింటికీ వెళ్ళి, ఏ అమ్మాయి ఏ గ్రూపులో చేరబోతున్నదో అడిగి తెలుసుకోవాలి.