సూరత్ లారీలపై వెయ్యి కళ్లు

రవాణాశాఖ పద్దులపై చర్చ వచ్చినప్పుడల్లా పార్లమెంటు సభ్యులు టోలు రుసుముల గురించీ, రహదారుల పొడవు గురించీ ఆవేశంగా మాట్లాడడం వింటూనే ఉన్నాను. లారీ జాడ తెలుసుకునే హక్కు ఎవరిది, ఎంతవరకు అన్న ప్రశ్న అక్కడ అరుదుగా వినిపిస్తుంది. దానికి సమాధానం వెదకడానికి సూరత్ తగిన చోటు.

సూరత్ చీర అడుగుపెట్టని తెలుగు ఊరు అరుదు. తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడి మరమగ్గాలపై బతుకుతున్నారు. రింగురోడ్డు మార్కెట్లలో లారీ ఎక్కిన బట్టల మూట ధూలే, షోలాపూరు మీదుగా హైదరాబాదు, విజయవాడ చేరుతుంది. వెంట ఈ-వే బిల్లు ఉండాలి. 2021 జనవరి నుంచి దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. అంటే వెయ్యి కిలోమీటర్లకు 5 రోజులు. బండి దారిలో నిలిచిపోతే యజమానికి జరిమానా భయం కూడా ఉన్నదన్నమాట.

అతని ముందున్న మార్గాలు మూడు. మొదటిది, డ్రైవరు సెల్‌ఫోను ఏ టవరు పరిధిలో ఉన్నదో చూసి జాడ తీయడం. ఒక్క ట్రిప్పుకు కుదుర్చుకున్న అద్దె బండికి ఇది చాలు. పరికరం కొననక్కరలేదు, కచ్చితత్వం మాత్రం తక్కువ. రెండవది ఫాస్టాగ్. టోలుగేటు దాటినప్పుడే బండి కనిపిస్తుంది; రెండు గేట్ల మధ్య సంగతి దానికి పట్టదు. మూడవది బండికి బిగించే ఉపగ్రహ పరికరం. కొద్ది మీటర్ల తేడాతో స్థానం చెబుతుంది; సెల్ సంకేతం అందనిచోట సమాచారం దాచుకొని తరువాత పంపుతుంది. సొంత బండ్లున్నవారికి ఇదే మేలు. కొత్త జాతీయ పర్మిట్ వాహనాలకు కేంద్రం 2018లోనే స్థాన సూచక పరికరాన్ని విధించింది.

ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ఈ పరికరం స్వదేశీ ‘నావిక్’ సంకేతాలనూ అందుకోవాలి. శ్రీహరికోట నుంచి 2013లో మొదలైన ఆ ఉపగ్రహాల వరుసలో స్థాన నిర్ణయానికి పనికివస్తున్నవి నాలుగేనని 2025 జూలైలో ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. స్వదేశాభిమానం మంచిదే; అమెరికా జీపీఎస్‌ను కూడా అందుకునే పరికరం కొనడం వివేకం.

యజమాని ధర, నెలసరి చందా అడుగుతాడు. చందా మానిన నాడు పాత రికార్డు ఎవరిదని కూడా అడగాలి. డ్రైవరు పక్షాన అడిగేవారు కావాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పరిమితి పెట్టినా, ఐదుగురు కార్మికులైనా లేని సంస్థలకు అది వర్తించలేదు. 2025 నవంబరులో అది కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. 2023 నాటి డేటా రక్షణ చట్టమేమో ఉద్యోగ అవసరాలకు సిబ్బంది సమాచారాన్ని సమ్మతి లేకుండానే వాడుకునే వీలు కల్పించింది.

‘ఎందుకు ఆగావు?’ అని నిలదీసే యంత్రమే, ‘ఎన్ని గంటలు నిద్ర లేకుండా నడిపించారు?’ అన్నదానికీ సాక్ష్యం చెప్పగలదు. ఆ సాక్ష్యం నేడు యజమాని బీరువాలో ఉన్నది. 2024 జనవరిలో హిట్ అండ్ రన్ శిక్షలకు నిరసనగా డ్రైవర్లు బండ్లు నిలిపితే, హోంశాఖ చర్చలకు పిలిచినది రవాణాదారుల సంఘాన్ని. రికార్డు ప్రతి ఒకటి డ్రైవరుకూ అందాలని చట్టం చేయడానికి కొత్త ఉపగ్రహమేదీ అవసరం లేదు. పార్లమెంటు తలచుకుంటే చాలు.