మేడ మీదికి వైఫై అందడం లేదా?

"కింద హాల్లో బాగానే వస్తుంది. మేడ మీద అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే మాత్రం సగంలో తెగిపోతోంది. ఇంకో రౌటర్ కొన్నా అంతే" అని ఒక సోదరి రాశారు. పరీక్ష మధ్యలో ఆగిపోతే పిల్ల ఎంత బెంబేలెత్తిపోతుందో చెప్పాలా!

ముందు రౌటర్ ఎక్కడుందో చూడండి. కంటికి బాగుండదని టీవీ వెనకో, ఇనప బీరువా పక్కనో దాచేస్తాం. ఇనుము సిగ్నల్ని అడ్డుకుంటుంది, స్లాబు సంగతి సరేసరి. మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నంతసేపూ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ తడబడవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌కి ఆ బెడద లేదు గానీ, గోడలు దాటే ఓపిక తక్కువ.

రెండో రౌటర్ని మేడ మీద పెట్టి, కిందినుంచి లాన్ వైరు లాగించండి. సెట్టింగుల్లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే దాని అడ్రసు మార్చి, 'డీహెచ్‌సీపీ' ఆపేసి, వైరు లాన్ పోర్టులో పెట్టాలి. ఫోన్లకు నంబర్లు పంచే పని కింది రౌటర్ ఒక్కటే చేయాలి. ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా? పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉంచండి. 2.4లో ఛానెల్ మాత్రం ఒకదానికి 1, రెండోదానికి 6 లేదా 11 పెట్టండి.

సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రాకపోతే, మేడ మీది వైరుని తిన్నగా లాప్‌టాప్‌కి తగిలించి చూడండి. వస్తే వైరు మంచిదే, రౌటర్ సెట్టింగులు చూడాలి.

అన్నట్టు, అపార్టుమెంటు అంతటికీ కలిపి నడిపే నెట్ అయితే అడగకుండా మీ రౌటర్ తగిలించకండి. పక్కవాటాల ఫోన్లకూ తప్పుడు నంబర్లు వెళ్ళి, వాళ్ళ నెట్ కూడా ఆగిపోవచ్చు.