హస్తవాసి నమ్మకం, రెండో డాక్టరు మాట

ఫలానా డాక్టరు చెయ్యి పడితే చాలు, జబ్బు నయమవుతుందన్న నమ్మకమే హస్తవాసి. తెలుగునాట చదువుకున్నవాళ్లలోనూ ఇది బలంగా ఉంది. డాక్టరు చదువు మీద, అనుభవం మీద, రోగిని ఓపిగ్గా చూసే తీరు మీద నమ్మకం వేరు. దానికి కారణం చెప్పవచ్చు. హస్తవాసికి కారణం ఉండదు. అందుకే ఆ నమ్మకం పాతుకుపోయిన ఇంట్లో ఇంకో డాక్టరుకు చూపిద్దామంటే అపచారంలా తోస్తుంది.

ఈ నమ్మకం ఎలా పుడుతుందో మామూలు వైరల్ జ్వరంలోనే కనిపిస్తుంది. రెండో రోజు ఒక డాక్టరు దగ్గరికి, తగ్గలేదని నాలుగో రోజు మరొకరి దగ్గరికి వెళ్తారు. ఇలాంటి జ్వరాలు చాలావరకు వారంలోపు వాటంతటవే తగ్గుతాయి. ఐదో రోజు తగ్గితే ఘనత రెండో ఆయనకే దక్కుతుంది. ఇద్దరూ రాసింది ఒకే పారాసిటమాల్ కావచ్చు. నయమైనవాళ్లు పదిమందికీ చెబుతారు. కానివాళ్లు వేరే ఆసుపత్రికి వెళ్లిపోతారు కాబట్టి లెక్కలోకి రారు. డెంగీలో ఈ భ్రమ ప్రాణం మీదికి తెస్తుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగే వేళలోనే, రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఒళ్లు చల్లబడిందని సంబరపడి రోగిని ఇంటికి తీసుకెళ్లిపోయేది అప్పుడే.

అడగకుండా నమ్మినందుకు ఎక్కువ మూల్యం చెల్లించింది స్త్రీలు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. వీటిలో అవసరమైన ఆపరేషన్లూ ఉన్నాయి. కానీ తెల్లబట్ట, నడుంనొప్పి అంటూ వచ్చిన మనిషికి ‘గర్భసంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పి ఆపరేషన్‌కు ఒప్పించడం వైద్యం కాదు, భయపెట్టడం. తెల్లబట్ట చాలాసార్లు మందులతోనే తగ్గుతుంది. క్యాన్సర్ అనుమానముంటే పాప్ స్మియర్, బయాప్సీ చేసి చూడాలి. నలభై ఏళ్లు నిండకముందే గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయి. ఆపరేషన్‌కు ముందు ఇంకొక గైనకాలజిస్టు చూసివుంటే ఎందరికో ఈ బాధ తప్పేది.

రోగనిర్ధారణ నిపుణుడికీ తప్పవచ్చు. అమెరికాలో మేయో క్లినిక్‌కు పంపిన 286 మంది రోగుల రికార్డులు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి నిర్ధారణ ఉన్నదున్నట్టు నిలిచింది 12 శాతం మందికే. 21 శాతం మందికి పూర్తిగా మారిపోయింది. అవి చిక్కు కేసులు కాబట్టి ఆ లెక్కను ప్రతి జ్వరానికీ, దగ్గుకూ అంటగట్టకూడదు. పెద్ద ఆపరేషన్, క్యాన్సర్, జీవితాంతం మందులు అన్నప్పుడు మాత్రం మరోసారి సరిచూడటమే వివేకం.

‘డాక్టరుగారు ఏమనుకుంటారో’ అనే మొహమాటానికి ఇక్కడ తావు లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం ఒక హక్కు. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల 2002 నియమావళి చెబుతోంది. బయాప్సీ అయితే రిపోర్టు కాగితం సరిపోదు. ఆ స్లైడ్లనే తీసుకెళ్లి మరో పెథాలజిస్టుకు చూపించాలి. రెండో డాక్టరు మొదటి ఆసుపత్రికి సంబంధం లేనివారై ఉండాలి. మొదటివారు ఏం తేల్చారో ముందే చెప్పకుండా లక్షణాలూ పరీక్షల ఫలితాలూ ఇస్తే ఆయన ఆలోచన స్వతంత్రంగా సాగుతుంది. ఇద్దరి మాటా కలవకపోతే ఎవరు ఏ ఆధారంతో చెప్పారో అడగాలి. నచ్చిన మాట వినబడేదాకా డాక్టర్లను మారుస్తూ పోవడం కూడా మూఢనమ్మకమే. ఆర్‌ఎంపీ సలహానో, పక్కింటివారి అనుభవమో రెండో అభిప్రాయం కిందికి రాదు.

గుండెపోటు, పాముకాటు, పక్షవాతం లాంటివాటిలో ఇంకొకరిని అడిగే వ్యవధి ఉండదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో ఆ గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.