మాటల పుట్టుక: మెగలోపొలిస్

మెగలోపొలిస్ అంటే గ్రీకు భాషలో మహానగరం. క్రీ. పూ. 4వ శతాబ్దంలో గ్రీసులోని అర్కేడియా ప్రజలు, స్పార్టా దాడులను ఎదుర్కోవటానికి, చుట్టుపట్ల పల్లెలవాళ్లను ఒకచోట చేర్చి నగరం కట్టి, దానికి ఈ పేరు పెట్టారు. ఆ ఊరు ఈనాటికీ ఉన్నది. కాని అది చిన్న పట్నమే!

పేరు మాత్రం సముద్రాలు దాటింది. అమెరికాలో బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా నగరాలు పెరిగి పెరిగి గొలుసులాగా కలిసిపోతున్నాయి. 1961లో అచ్చయిన తన గ్రంథంలో ఫ్రెంచి భూగోళ శాస్త్రజ్ఞుడు గాట్‌మన్ ఆ నగరాల గొలుసును మెగలోపొలిస్ అన్నాడు.

మెగాసిటీ వేరు. కోటిమందికి పైగా ఉండే నగరాన్ని అలా అంటారు. మెగాసిటీ అనటానికి జనాన్ని లెక్కపెట్టాలి. మెగలోపొలిస్ అనటానికి ఊరికీ ఊరికీ మధ్య ఎడం ఎంత మిగిలిందో చూడాలి.